సిరొంచ దారిలో టర్బో లారీ: వేడి లెక్క, ప్లగ్ ఎంపిక

మే నెల మధ్యాహ్నం సిరొంచ చుట్టుపక్కల నీడలో గాలి 45 డిగ్రీలకు చేరడం విడ్డూరమేమీ కాదు. కాలిన తారురోడ్డు మీద లారీ ముందు జాలీకి తగిలే గాలి అంతకంటే వేడిగా ఉంటుంది. ఇంజన్ పీల్చుకోవలసింది ఆ గాలినే, ఒళ్లు చల్లార్చుకోవలసిందీ ఆ గాలితోనే. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే ఈ మూలకు లారీలు కాళేశ్వరం వంతెన దాటి తెలంగాణ నుంచి వస్తాయి, ఇంద్రావతి అవతలి భోపాలపట్నం నుంచి వస్తాయి, ఉత్తరాన ఆలాపల్లి అడవి దారి గుండా వస్తాయి. ఇసుక, ధాన్యం, వెదురు, ఎండాకాలంలో తునికాకు మోస్తాయి. ఇంకా పైకి పోతే ఎటపల్లి తాలూకాలో సూర్జాగఢ్ గుట్టల ఇనుప ఖనిజం ఉంది. ఇంజన్ వేడి సంగతి తెలుసుకోవాలంటే గడ్చిరోలి జిల్లాలోని ఈ దారులను మించిన పరీక్షా కేంద్రం దొరకదు.

లోడు మీద బండి లాగడం లేదని కొందరు ఓనర్లు ఇంజన్‌కు ట్యూనింగ్ చేయిస్తారు. పాత బండి అయితే పంపులో డీజిల్ పెంచుతారు, కొత్తదైతే కంప్యూటర్‌లో సెట్టింగ్ మార్పిస్తారు. ఆ తర్వాత బండి గరమ్ అవడం మొదలవుతుంది. అప్పుడు వినపడే సలహాల్లో ఒకటి, "చల్ల ప్లగ్గు వేయించు, ఇంజన్ చల్లగా నడుస్తది" అని. బైకులు, కార్ల వీడియోల నుంచి లారీ షెడ్ల దాకా పాకిన మాట ఇది. ఇందులో తప్పులు రెండున్నాయి. మొదటిది చాలా చిన్న విషయం: ఈ దారిన పోయే లారీల్లో నూటికి తొంభైకి పైగా డీజిల్‌వే. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ అసలుండదు.

రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించిన ఇంజన్ కిటుకే అది. గాలిని పదహారు, పద్దెనిమిది రెట్లు అదిమితే దాని వేడి 500 డిగ్రీలు దాటుతుంది. డీజిల్ దాదాపు 220 డిగ్రీల దగ్గరే తనంతట తాను అంటుకుంటుంది. కాబట్టి నిప్పురవ్వతో పని లేదు, చిమ్మితే చాలు. చిన్న పికప్ బండ్లలో మెకానిక్‌లు హీటర్ ప్లగ్ అనే భాగం ఒకటుంటుంది. చలికాలం తెల్లవారుజామున స్టార్ట్ కావడానికి అది మంట మండే గదిని కాసేపు వెచ్చబెడుతుంది, అంతే. నడుస్తున్న ఇంజన్ వేడికీ దానికీ సంబంధం లేదు.

రెండో తప్పు లోతైనది. స్పార్క్ ప్లగ్ ఉన్న ఇంజన్‌లోనైనా సరే, చల్లని ప్లగ్ ఇంజన్‌ను చల్లబరచదు. తన ముక్కును మాత్రం చల్లగా ఉంచుకుంటుంది. ఈ తేడా తెలియాలంటే ముందు ఇంజన్‌లో వేడి ఎంత పుడుతుందో, ఏ దారిన బయటికి పోతుందో లెక్క వేయాలి.

ఒక లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి ఉంటుంది. మంచి లారీ ఇంజన్ అందులో 40 శాతాన్ని చక్రాల పనికి మలుస్తుంది. మిగతాది వేడి. అందులో సగం పొగ గొట్టం దారిన పోతుంది. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం నీళ్ల ద్వారా రేడియేటర్‌కు చేరుతుంది, కొద్దిగా ఇంజన్ ఒంటి నుంచే గాలిలో కలుస్తుంది. ఇప్పుడు ట్యూనింగ్‌తో 50 హార్స్‌పవర్ పెంచారనుకుందాం. అంటే 37 కిలోవాట్ల అదనపు బలం. దానికోసం 93 కిలోవాట్లకు సరిపడా డీజిల్ అదనంగా మండాలి. తేడా 56 కిలోవాట్లు. ఇంట్లో బట్టలకు వాడే వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలు 56 తెచ్చి బానెట్ కింద ఒకేసారి ఆన్ చేసి వదిలితే ఎంత వేడో, అంత. కంపెనీ ఇచ్చిన రేడియేటర్, ఫ్యాన్, ఆయిల్ కూలర్ ఈ కొత్త వేడిని లెక్కలోకి తీసుకుని చేసినవి కావు.

పైగా సిరొంచ ఎండ ఆ రేడియేటర్‌కు ముందే కోత పెడుతుంది. రేడియేటర్ ఎంత వేడి వదలగలదన్నది లోపలి నీటికీ బయటి గాలికీ మధ్య తేడా మీద ఆధారపడుతుంది. నీళ్లు 95 డిగ్రీల దగ్గరున్నాయనుకోండి. గాలి 25 డిగ్రీలుంటే తేడా 70. గాలి 45 అయితే తేడా 50. ఏ భాగమూ చెడకుండానే, ఏ పైపూ కారకుండానే, రేడియేటర్ సామర్థ్యంలో దాదాపు 29 శాతం ఎండ తినేస్తుంది. జనవరిలో బాగా నడిచిన ట్యూనింగ్ మేలో ఎందుకు ఉడికిపోతుందో చెప్పడానికి ఈ తీసివేత చాలు.

రోడ్డు ఇంకో కోత పెడుతుంది. సిరొంచ–ఆలాపల్లి రోడ్డు గుంతలకు ఏళ్లుగా పేరుపడ్డది. లోడు బండి అక్కడ రెండో గేరులో, మూడో గేరులో గంటల తరబడి పాకుతుంది. హైవే మీద వేగానికి వచ్చే గాలి రేడియేటర్‌కు ఉచిత సాయం, గుంతల్లో అది ఉండదు. మొత్తం భారం ఫ్యాన్ మీదే పడుతుంది. ఫ్యాన్ మధ్యలోని విస్కస్ కప్లింగ్ నూనె కారి బలహీనపడితే ఫ్యాన్ తిరుగుతున్నట్టే కనిపిస్తుంది, గాలి మాత్రం లాగదు. ఖనిజం లోడు దారుల్లో ఎర్రటి దుమ్ము మరో పొర. అది రేడియేటర్ రెక్కలకూ, దాని ముందుండి టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కూ మధ్య సందులో పేరుకుంటుంది. ముందు నుంచి చూస్తే జాలీ శుభ్రంగానే ఉంటుంది. రెండింటినీ విడదీసి, ఇంజన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో నీళ్లు కొడితే తప్ప ఆ మన్ను రాదు. ఎక్కువ ఒత్తిడి గన్ పెడితే సన్నటి రెక్కలు వంగి, ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

ఇంటర్‌కూలర్ సంగతి కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే ట్యూనింగ్ బతుకంతా అక్కడే ఉంది. స్విట్జర్లాండ్ ఇంజనీర్ ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ 1905లో టర్బోచార్జర్‌కు పేటెంట్ తీసుకున్నాడు. ఆలోచన సూటిగా ఉంటుంది: వృథాగా పోయే పొగ ఊపుతో ఒక చక్రం తిప్పి, అదే ఇరుసు మీది రెండో చక్రంతో గాలిని అదిమి ఇంజన్‌లోకి తోయడం. గాలి ఎక్కువైతే డీజిల్ ఎక్కువ మండించొచ్చు. కానీ అదిమిన గాలి వేడెక్కుతుంది. 45 డిగ్రీల గాలిని రెండున్నర రెట్ల ఒత్తిడికి అదిమితే, మామూలు టర్బో సామర్థ్యం లెక్కన, అది సుమారు 175 డిగ్రీలకు చేరుతుంది. 25 డిగ్రీల గాలైతే 150 దగ్గర ఆగేది. వేడి గాలి పలచన. 175 డిగ్రీల గాలిని ఇంటర్‌కూలర్ 60 డిగ్రీలకు దించితే అదే ఒత్తిడిలో గాలి బరువు మూడో వంతుకు పైగా పెరుగుతుంది. దుమ్ముతో పూడుకుపోయిన ఇంటర్‌కూలర్ ఉన్న బండికి డీజిల్ పెంచడమంటే, సరిపడా గాలి లేనిచోట ఇంధనం పోయడమే. కాలకుండా మిగిలిన కర్బనం నల్ల పొగగా బయటపడుతుంది. "పొగ కొడుతోందంటే బలం పెరిగినట్టే" అన్న నమ్మకం షెడ్లలో ఇంకా ఉంది. ఆ పొగ, డబ్బు పెట్టి కొన్న డీజిల్ పనిచేయకుండా పోవడమే, పైగా పొగ గొట్టం వేడి పెరుగుతోందనడానికి గుర్తు.

పొగ వేడి గురించి డ్రైవర్‌కు డాష్‌బోర్డు ఏమీ చెప్పదు. నీళ్ల సూది మధ్యలోనే ఉంటుంది, ఎందుకంటే నీళ్లు వేడెక్కడానికి నిమిషాలు పడుతుంది. పొగ వేడి మాత్రం ఎత్తు ఎక్కేటప్పుడు సెకన్లలో వందల డిగ్రీలు పెరుగుతుంది. టర్బోకు ముందు, మ్యానిఫోల్డ్‌లో కొలిస్తే సుమారు 700 డిగ్రీలను డీజిల్ ఇంజన్ ఎక్కువసేపు మోయగల పైహద్దుగా ట్యూనింగ్ చేసేవాళ్లు పెట్టుకుంటారు. పిస్టన్లలో ఎక్కువగా వాడే అల్యూమినియం–సిలికాన్ మిశ్రమం 577 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది, 350 దాటేసరికే దాని బలం బాగా తగ్గిపోతుంది. మరి 700 డిగ్రీల పొగలో పిస్టన్ ఎలా బతుకుతోంది? కింది నుంచి దాని పొట్ట మీద ఆయిల్ చిమ్మే సన్నటి జెట్లు, గోడల మీదుగా వేడి లాక్కునే రింగులు, ప్రతి విడతా లోపలికొచ్చే కొత్త గాలి దాన్ని కాపాడుతున్నాయి. మంట ఆగకుండా పెరిగితే ఈ మూడూ చాలవు. ముందు రింగు గాడిలో ఆయిల్ మాడి రింగు బిగుసుకుంటుంది, తర్వాత పిస్టన్ అంచు కోసుకుపోతుంది. షెడ్డులో విప్పి చూసినప్పుడు ఇంజెక్టర్ ధారలు తగిలిన చోట్లే పిస్టన్ నెత్తి మీద గుంటలు పడి ఉంటాయి. మంట ఎక్కడ వాలిందో అక్కడ లోహమే గీసి చూపిస్తుంది.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 లారీల్లో ఇంజన్ కంప్యూటర్ ఈ ప్రమాదాన్ని ముందే పసిగడుతుంది. నీళ్లో గాలో హద్దు దాటితే తనంతట తానే బలం తగ్గించేస్తుంది. డ్రైవర్లకు చిరాకు తెప్పించేది ఇదే. కంప్యూటర్ సెట్టింగ్ మార్చే కొన్ని రీమ్యాప్‌లు చేసేదల్లా ఆ కాపలాను పక్కకు జరపడం. లాగుడు బాగుందనిపిస్తుంది, కాపలా పోయిందన్న సంగతి హెడ్ గ్యాస్కెట్ కొట్టాక తెలుస్తుంది. చట్టం మాటా ఉంది: 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన నిర్దేశాలకు భిన్నంగా బండిలో మార్పు చేయడానికి ఓనర్‌కు హక్కు లేదు. పొగ శుద్ధి భాగాలు తీసేయించడం అందులోకే వస్తుంది. ఆ పొగ పీల్చేది మొదట రోడ్డు పక్క ఊళ్ల పిల్లలు. ఈ ఒక్క కారణం చేతనే ఆ పని ఎవరూ చేయించకూడదని నా అభిప్రాయం.

ఇక నిజంగా స్పార్క్ ప్లగ్ ఉన్న లారీల దగ్గరికి వద్దాం. గడ్చిరోలి ఉన్న విదర్భ ప్రాంతంలో ఇవి కొత్త అధ్యాయం. 2021 జులైలో నాగపూర్‌లో దేశంలోనే తొలి ప్రైవేటు ఎల్‌ఎన్‌జీ బంకు మొదలైంది. 2022లో పుణె దగ్గరి చాకన్ నుంచి ఎల్‌ఎన్‌జీతో నడిచే భారీ లారీ బయటికొచ్చింది. సీఎన్‌జీ లారీలు అంతకుముందే ఉన్నాయి. రెంటిలోనూ మండేది మీథేన్ వాయువే. దానంతట అది అంటుకోవాలంటే 540 డిగ్రీలకు పైగా కావాలి, కాబట్టి నిప్పురవ్వ తప్పనిసరి. ఎల్‌ఎన్‌జీ లారీలో మైనస్ 162 డిగ్రీల ద్రవ గ్యాస్‌ను వాయువుగా మార్చేది ఇంజన్ నీళ్ల వేడే. ఆ చలువ ఇంజన్‌కు సాయపడుతుందా అంటే, నీళ్లలోకి వచ్చే వేడిలో నూటికి ఆరేడు పాళ్లు మాత్రమే అటు పోతుంది. రేడియేటర్ బాధ్యత తీరదు.

స్పార్క్ ప్లగ్ మధ్యలో తెల్లటి పింగాణీ ముక్కు ఉంటుంది. మంటలో అది నిరంతరం కాలుతూ ఉంటుంది. ఆ వేడి పింగాణీ మొదలుకు, అక్కడి నుంచి ఇనుప ఒంటికి, మరల గుండా హెడ్‌లోకి, చివరికి నీళ్లలోకి చేరుతుంది. ముక్కు పొడుగైతే వేడి నడవాల్సిన దూరం పెరిగి కొన ఎక్కువ కాలుతుంది, అది వేడి ప్లగ్. ముక్కు పొట్టిదైతే వేడి త్వరగా దిగిపోతుంది, అది చల్ల ప్లగ్. రెండూ ఇంజన్‌లో పుట్టే వేడిని మార్చవు. చల్ల ప్లగ్ తన వాటా వేడిని ఇంకా త్వరగా నీళ్లకే అప్పజెబుతుంది. అందువల్ల ఉడుకుతున్న బండికి చల్ల ప్లగ్ వేయిస్తే సూది ఒక్క గీత కూడా దిగదు.

మరి చల్ల ప్లగ్ ఎందుకు? కొన వేడి సుమారు 450 నుంచి 850 డిగ్రీల మధ్య ఉండాలి. 450 కంటే తగ్గితే కొన మీద చేరిన మసి, ఆయిల్ కాలిపోవు, కరెంటు వాటి గుండా పక్కకు జారి రవ్వ ఎగరదు. 850 బాగా దాటితే కొన నిప్పుకణికై, రవ్వ రాకముందే గ్యాస్‌ను అంటిస్తుంది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట ఎదురొస్తుంది. ఇది ప్రీ ఇగ్నిషన్, కొద్ది సెకన్లలో పిస్టన్‌కు చిల్లు పెట్టగలదు. ట్యూనింగ్ వల్ల మంట పెరిగినప్పుడు కొన ఆ హద్దు దాటకుండా ఒక మెట్టు చల్ల ప్లగ్ వేస్తారు. ఒక మెట్టు తేడా అంటే కొన దగ్గర సుమారు 70 నుంచి 100 డిగ్రీలు. బలం 75 నుంచి 100 హార్స్‌పవర్ పెరిగితే ఒక మెట్టు దిగాలన్నది అమెరికా ట్యూనర్లు పాటించే మోటు లెక్క. అక్కడ 2011 మోడల్ ఫోర్డ్ ఎఫ్–150తో పెట్రోల్ టర్బో పికప్‌లు విస్తరించాయి. టర్బో ఒత్తిడి (బూస్ట్) పెంచినవాళ్లు ప్లగ్ ఒక మెట్టు చల్లది వేసి, రవ్వ దూకే సందును (గ్యాప్‌ను) 0.7 మిల్లీమీటర్ల దగ్గరికి తగ్గిస్తుంటారు.

గ్యాప్ సంగతి మన గ్యాస్ లారీలకు ఇంకా ముఖ్యం. రవ్వ గాలిని చీల్చుకుని దూకాలి. ఒత్తిడి పెరిగేకొద్దీ, సందు వెడల్పయ్యేకొద్దీ దానికి కావలసిన వోల్టేజీ పెరుగుతుంది. టర్బో గ్యాస్ ఇంజన్‌లో లోడు మీద అది 30 వేల వోల్టులు దాటవచ్చు. రోజూ కొద్దికొద్దిగా లోహం అరిగి సందు పెరుగుతుంది. ఖాళీ బండి బాగా నడుస్తుంది, లోడు ఎక్కించి ఎత్తు ఎక్కేటప్పుడే తడబడుతుంది. అలా మండకుండా పోయిన గ్యాస్ సైలెన్సర్‌లోని క్యాటలిస్ట్‌లో మండి దాన్ని కరిగిస్తుంది. ఫీలర్ గేజ్ పెట్టి కొలవడం ఐదు నిమిషాల పని. భారీ గ్యాస్ ఇంజన్లలో చాలావాటికి గ్యాప్ అర మిల్లీమీటరు కంటే తక్కువ చెబుతారు, కారు కొలత ఇక్కడ పనికిరాదు. ఇరిడియం కొనల ప్లగ్‌లు ఖరీదైనా ఇక్కడ న్యాయమే: నికెల్ 1,455 డిగ్రీల దగ్గర కరిగితే ఇరిడియం 2,446 వరకు నిలుస్తుంది, అరుగుదల చాలా నెమ్మది.

అంగడిలో ఒక గొయ్యి ఉంది. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్‌లలో అంకె పెరిగితే ప్లగ్ చల్లదని అర్థం. బాష్, ఛాంపియన్‌లలో అంకె పెరిగితే వేడిది. కంపెనీ మార్చి, అదే లెక్కన ఒక అంకె పెంచితే చల్లది కావలసిన చోట వేడిది వచ్చి కూర్చుంటుంది. సరిపోలే పట్టిక చూడకుండా అంకెను నమ్మి ప్లగ్ కొనకూడదు. బిగించేటప్పుడు మరలూ, ఆనిక కూర్చునే చోటూ శుభ్రంగా ఉండాలి, చెప్పిన బిగువుతోనే తిప్పాలి. వేడి దిగే దారి అదే కాబట్టి, వదులు ప్లగ్ ఎంత చల్లదైనా వేడి ప్లగ్‌గానే పనిచేస్తుంది.

విప్పిన ప్లగ్‌ను వెలుతురులో పట్టుకుని చూడాలి. పింగాణీ లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటే ఎంపిక సరైనదే. నల్లగా, తడిగా మెరిస్తే కొన చాలినంత కాలడం లేదు, లేదా ఆయిల్ పైకి వస్తోంది. తెల్లగా పాలిపోయి, సన్నటి బొబ్బలు కనిపిస్తే హద్దు దాటింది. ఆ తెలుపు మీద ఆవగింజలో పదో వంతంత మెరిసే చుక్కలుంటే అవి పిస్టన్ నుంచి ఎగిరొచ్చిన అల్యూమినియం. ఆ బండిని అక్కడే ఆపాలి. కొన మీద పొరలు పొరలుగా తెల్లని బూడిద పేరుకుంటే ఆయిల్ తప్పు. మామూలు డీజిల్ ఇంజన్ ఆయిల్ కాలితే ఎక్కువ బూడిద మిగులుతుంది, అది కణకణలాడి ప్లగ్ చేయని పాపానికి ప్రీ ఇగ్నిషన్ తెస్తుంది. గ్యాస్ ఇంజన్‌కు తక్కువ బూడిద ఆయిల్ వేరే ఉంటుంది.

డీజిల్ కానీ గ్యాస్ కానీ, వేడి చివరికి చేరేది నీళ్లకే. అక్కడ జరిగే తప్పుల్లో పెద్దది థర్మోస్టాట్ పీకేయడం. అది నీళ్లను అడ్డుకుంటోందని ఎండాకాలం తీసి పారేస్తారు. చాలా ఇంజన్లలో ఆ వాల్వు తెరుచుకున్నప్పుడు రేడియేటర్ దారి తీస్తూ పక్కదారి మూస్తుంది. అది లేకపోతే వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే మళ్లీ ఇంజన్‌లోకి తిరిగి వస్తుంది. చల్లబరచాలని చేసిన పని ఉడికిస్తుంది. రెండోది బోరు నీళ్లు పోయడం. సున్నం పొర ఒక్క మిల్లీమీటరు పేరుకున్నా, వేడికి అది నాలుగైదు సెంటీమీటర్ల పోత ఇనుమంత అడ్డం. రేడియేటర్ మూతది చిన్న ధర, పెద్ద పని: 0.7 బార్ ఒత్తిడి పట్టే మూత ఉంటే నీళ్లు 115 డిగ్రీల దాకా మరగవు, స్ప్రింగు సడలితే వందకే మరుగుతాయి. ఇక ఎత్తెక్కి వచ్చి ఢాబా దగ్గర ఆపగానే తాళం తిప్పేయడం వల్ల టర్బోలు పోతాయి. నిమిషానికి లక్ష చుట్లు తిరిగిన ఇరుసు చుట్టూ ఆయిల్ ఆగిపోయి అక్కడే మాడి గట్టిపడుతుంది. రెండు మూడు నిమిషాలు స్లోలో ఉంచితే చాలు.

ఇంకా బలం కావాలనే ఓనర్ ట్యూనింగ్‌కు ముందు కొనవలసింది పొగ వేడి చూపే మీటరు. దాని కొనను టర్బోకు ముందే పెట్టించాలి, తర్వాత పెడితే వంద నుంచి రెండు వందల డిగ్రీలు తక్కువ చూపుతుంది. ఆలాపల్లి వైపు చిన్న ఎత్తు మీద ఆ ముల్లు 680 దాటుతుంటే డ్రైవర్ యాక్సిలరేటర్ ఇంకా తొక్కకుండా ఒక గేరు దించాలి. ఇంజన్ చప్పుడు పెరుగుతుంది, అది చూసి చాలామంది భయపడతారు. నిజానికి అప్పుడు టర్బో ఎక్కువ గాలి తోస్తుంది, నీళ్ల పంపూ ఫ్యానూ వేగంగా తిరుగుతాయి, ఒక్కో విడతకు పడే డీజిల్ తగ్గుతుంది. అరనిమిషం తిరక్కుండానే ముల్లు 600 వైపు దిగడం మొదలవుతుంది.